కుక్కేగా అనకండి

కుక్కకు ఒంట్లో బాగోకపోతే మొదటిరోజే చెబుతుంది. రోజూ గిన్నె నాకి శుభ్రం చేసేది ఆ పూట ముట్టదు. పిలిస్తే తోక ఊపదు. బల్లకిందో మెట్లకిందో దూరి ముడుచుకు పడుకుంటుంది. అంతకంటే ఎలా చెప్పాలండీ నోరులేని జీవం? మనకు మాత్రం అది కంపు కొట్టినప్పుడే కనపడుతుంది. కనపడ్డాక మనం చేసే పని తరిమెయ్యడం.

బందరు కోనేరు సెంటర్లో ఓ టీబడ్డీ దగ్గర చూశాను. చెవి వెనక రూపాయి బిళ్లంత గాయం, దాన్నిండా పురుగులు. కుక్క ఆగకుండా తల విదిలిస్తోంది. విదిలించినప్పుడల్లా రక్తం చుక్కలు చుక్కలుగా సిమెంటు మీద పడుతున్నాయి. బడ్డీ అతను గ్లాసులు కడిగిన వేడినీళ్లు దానిమీద కుమ్మరించాడు. ‘నాలుగు రోజుల్నించీ ఇక్కడే చస్తోందండీ, గిరాకీ రావట్లేదు’ అన్నాడు. నాలుగు రోజులు! ఈగ గుడ్డు పెట్టిన ఒక్కరోజులోపే పురుగవుతుంది. ఆ నాలుగు రోజులూ అది కుక్కను బతికుండగానే తిన్నది. ఆ దారిన ఎంతమంది ఉద్యోగులు, ఎంతమంది చదువుకున్నవాళ్లు పోయి ఉంటారు? పక్కనున్న పెద్దమనిషి ‘ఫినాయిలు పోయవయ్యా, చస్తాయి’ అని సలహా చెప్పాడు. ఫినాయిలూ కిరసనాయిలూ పోస్తే పచ్చిమాంసం కాలుతుంది, కుక్క దాన్నే నాకి విషం మింగుతుంది. పశువైద్యుడు పురుగులు ఏరి, కడిగి, సూదేస్తే మానే పుండు అది. ఆ మాటే అంటే, ‘కుక్కేగా, పోనిద్దురూ’ అన్నాడు.

వీధికుక్కకు దిక్కులేదు, సరే. ఇంట్లో పెంచుకునే కుక్క గతి ఇంకా ఘోరం. గుడివాడలో వేలకు వేలు పోసి లాబ్రడార్ పిల్లను తెచ్చుకుంటారు. టీకా మాటెత్తితే ‘ఇంట్లోనే ఉంటుందిగా’ అంటారు. పార్వో జబ్బు రావడానికి కుక్క వీధిలోకి వెళ్లక్కర్లేదు, మీ చెప్పుల మట్టి చాలు. ఆ మట్టిలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. కూన వాంతులు మొదలెట్టి, నెత్తురు విరేచనాలు పోతుంటే దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పుతారు, మజ్జిగ పడతారు. మూడోనాటికి దాని కళ్లు లోపలికి పోతాయి. అప్పుడు పరిగెడతారు. మొదటిరోజే సెలైను ఎక్కిస్తే బతికే కూనలు ఎన్నో ఉంటాయి. ఆరువారాల వయసు నుంచి పదహారు వారాలదాకా విడతలవారీగా టీకాలు వేయిస్తే అసలు ఆ పరుగే ఉండదు.

దివిసీమకు పోదాం. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల గట్లమీద రాత్రంతా కాపలా కాసేది కుక్కే. ఒంటినిండా గోమార్లు పట్టి, వాటివల్ల వచ్చిన జ్వరంతో, పాలిపోయిన చిగుళ్లతో ఆ గట్టుమీదే పడుంటుంది. చెరువులో రొయ్య తలెత్తి తిరిగితే అర్ధరాత్రి ఫోన్లు పోతాయి. కుక్క లేవలేకపోతే ఎవరికీ ఫోను పోదు. 2018 ఆగస్టులో ఇక్కడ పాముకాట్లు పెచ్చుమీరితే మోపిదేవిలో సర్పశాంతి యాగం దాకా జరిగింది. మనిషి కంటే ముందు పాముకు ఎదురెళ్లేది గట్టుమీది కుక్క. రక్తపింజర కరిస్తే మూతి ఉబ్బి నెత్తురు కారుతుంది, కట్లపాము కరిస్తే కాళ్లు పడిపోయి ఊపిరి ఆగుతుంది. మనిషికి ఎక్కించే పాము విషానికి విరుగుడే కుక్కకూ పనిచేస్తుంది. ఎవరైనా అడిగారా? ‘పోతే ఇంకోటి వస్తుంది’ అంటారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిపోయాక, మనుషుల పక్కనే పశువుల కళేబరాలు కుప్పలుగా చూసిన సీమ ఇది. మూగజీవి చావంటే ఏమిటో ఈ నేలకు ఒకరు చెప్పాలా?

పిల్లి సంగతి మరీ అన్యాయం. నొప్పిని దాచుకునే జంతువు. మగపిల్లి ఇసుకలో మాటిమాటికీ కూర్చుని లేస్తూ, అరుస్తూ ఉంటే విరేచనం కాలేదనుకుని ఆముదం పోస్తారు. దానికి మూత్రం బిగిసింది! రెండు మూడు రోజులు అలా వదిలేస్తే చనిపోతుంది. జ్వరమని పారాసిటమాల్ మాత్ర పాలల్లో కలిపి పట్టేవాళ్లున్నారు. పిల్లి కాలేయానికి ఆ మందును తట్టుకునే శక్తి లేదు. సగం మాత్ర చాలు ప్రాణం మీదికి రావడానికి.

ఇక కుక్క నోట్లో నురగ కనపడితే చాలు, పిచ్చికుక్క అని కర్రలు లేస్తాయి. నురగ పురుగుమందు తిన్నా వస్తుంది, డిస్టెంపర్ జబ్బులోనూ వస్తుంది. ఈ డెల్టాలో పురుగుమందు డబ్బా లేని గట్టు ఉందా? నిజంగా రేబిస్ అయితే దగ్గరికి పోకుండా, పిల్లల్ని లోపలికి పంపి, మున్సిపాలిటీకీ పశువుల ఆసుపత్రికీ కబురు చెయ్యాలి. కరిస్తే పావుగంటసేపు సబ్బుతో కడిగి, వెంటనే టీకాకు పోవాలి. కొట్టి చంపి పాతిపెట్టేస్తే అది ఏ జబ్బో తేలదు, ఎంతమందిని కరిచిందో ఎవరూ అడగరు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల మీద ఉత్తర్వులిచ్చినప్పుడు దేశమంతా వాదించుకుంది. కుక్కల్ని ఎక్కడ పెట్టాలన్నదే గొడవ. జబ్బుపడ్డదాన్ని ఎవరు చూడాలని అడిగిన గొంతు నాకు వినపడలేదు. టీకాలూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లూ స్థానిక సంస్థల బాధ్యతని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు. ఇన్నేళ్లూ ఆ అంకెను ముట్టుకున్నవాళ్లు లేరు.

గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. నాగాయలంక నుంచి జబ్బుకుక్కను అక్కడికి ఎలా తీసుకెళ్లాలి? బస్సెక్కనివ్వరు, ఆటో అతను రానంటాడు. 2022 మేలో 1962 నంబరుతో పశువుల అంబులెన్సులు నియోజకవర్గానికొకటి చొప్పున మొదలుపెట్టారు. గేదెకోసం వాటికి ఫోను చేసినవాళ్లలో తన కుక్కను కూడా చూడమని అడిగినవాళ్లెందరు? బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో పశువుల ఆసుపత్రికి కుక్కల కోసం, పిల్లుల కోసం ప్రత్యేకంగా ఒక పూట కేటాయించమని, రాత్రివేళ ఒక డాక్టరు ఫోనెత్తేలా చూడమని ఏ కౌన్సిలరైనా ఎప్పుడైనా గట్టిగా అడగ్గా విన్నారా? అడగరు. కుక్కకు ఓటు లేదు. దానికి అన్నం పెట్టే మనకు ఉంది, మనమూ అడగం.

పొద్దున్నే మీ కుక్క పెదవి పైకెత్తి చూడండి. చిగుళ్లు గులాబీరంగులో ఉండాలి. పాలిపోయి ఉంటే, నీలంగా ఉంటే, పసుపు తిరిగి ఉంటే సాయంత్రందాకా ఆగొద్దు. ఆ పూట పని మానేసి డాక్టరు దగ్గరికి తీసుకుపొండి.