ఫోన్లో కౌన్సెలింగు జ్వరం రోజున పెట్టుకోండి



పోయిన వారం గ్రూపులో ఒక పెద్దాయన వాయిస్ పెట్టినారు. "పంట పోయినోడికి కావాల్సింది దుడ్డు. ముక్కూ మొహం తెలీనోళ్ళతో ఫోన్లో గంట మాట్లాడితే అప్పు తీరుతుందా?" అని. చానామంది దానికి బొటనవేలు గుర్తు పెట్టినారు. రెండేళ్ళ ముందు అయితే మేమూ పెట్టేవాళ్ళమే. ఆయన మీద మాకు కోపం లేదు. కానీ ఆ మాట విని, ఫోను చేద్దామా వద్దా అని ఊగుతున్నవాళ్ళు ఒక్కరైనా వెనక్కి తగ్గి ఉంటారని భయం వేసి ఇది రాస్తున్నాము.

మా ఇంట్లో అట్లాంటి సిట్టింగులు ఎనిమిది జరిగినాయి. మా ఇద్దరిలో ఫోను ముందు కూర్చున్నది మొగుడా పెండ్లామా అన్నది రాయము. చదివేవాళ్ళకు దానితో పని లేదు, మా వీధివాళ్ళకు అసలే లేదు. ఎనిమిదిలో మొదటి మూడు దండగ. తర్వాతి అయిదు పనికొచ్చినాయి. కౌన్సెలర్ అమ్మ మారలేదు, ఫీజు మారలేదు, ఫోనూ అదే. మేము కూర్చునే తీరు మార్చుకున్నాము, అంతే.

సంగతి ఇది. వరసగా రెండు పంటలు పోయినాయి. మొదటిది పాలరోగం. రెండోది 200 గుడ్ల బ్యాచ్, నాలుగో జ్వరం లేచి మూడో రోజు. పక్క తోటలో టమేటాకు మందు కొట్టినారు, గాలి మా మల్బరీ వైపు ఉండింది. తెలియక ఆ ఆకే కోసి వేసినాము. తెల్లారేసరికి పురుగులు తలలు పైకెత్తి కక్కుకుంటూ ఉండినాయి. 120 కిలోలన్నా రావాల్సిన గూళ్ళు. గుంత తవ్వి పూడ్చినాము. ఆ తర్వాత మాలో ఒకరికి నిద్ర పోయింది. తిండి సయించలేదు, పిలిస్తే పలకలేదు, పిల్లల మీద చెయ్యి లేచేది. షెడ్డు తలుపు తీయాలంటే చేతులు వణికేవి. బెంగళూరులో చదివే మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒక కౌన్సెలర్‌ను మాట్లాడిపెట్టింది. సిట్టింగుకు 500.

మొదటి సిట్టింగు ఎప్పుడు పెట్టుకున్నామో వినండి. ధైర్యం చేసి మళ్ళీ పెట్టిన బ్యాచ్, అయిదో దశ, సాయంత్రం ఏడు గంటలు. అంటే ఆకు వేసే టైము. పడసాలలో బల్ల మీద ఫోను నిలబెట్టినాము. ఒక పక్క అవ్వ, ఒక పక్క పిల్లవాడు, వాకిట్లో ఆకు మూటలు దించే కూలోళ్ళు. వీడియో రెండు నిమిషాలకు ఒకసారి ఆగిపోయేది. ఆ యమ్మ కన్నడంలో అడిగితే మేము కన్నడంలో "అంతా బాగుంది మేడం, నిద్రే కొంచెం తక్కువ" అని చెప్పినాము. ఇంటినిండా జనం ఉండగా ఇంకేం చెప్తారు ఎవరైనా? రెండో సిట్టింగు మధ్యలో త్రీ ఫేజు కరెంటు వచ్చింది, మోటారు వేసేదానికి పరుగెత్తినాము. మూడోసారి గంటంతా పక్క తోటవాణ్ణి తిట్టేదానికే సరిపోయింది. ఫోను పెట్టేసినాక గుండె బరువు తగ్గలేదు సరికదా, ఇంకా మండింది.

ఇక చాలు అనుకున్నాము. నాలుగోసారి ఆ మాట చెప్పేదానికే కూర్చున్నాము. "మీకు పురుగుల సంగతి తెలీదు, మాకు మీ మాటలతో పని జరగడం లేదు" అని మొహం మీదే అనేసినాము. ఆ యమ్మ నొచ్చుకోలేదు. "ఇట్లా చెప్పడమే మంచిది, ఏది కుదరలేదో ఒక్కొక్కటే చెప్పండి" అన్నది. చెప్పినాము. అప్పుడు ఆమే అడిగింది, మీ పనిలో చేతులు ఖాళీగా ఉండే గంట ఏది అని. నవ్వొచ్చింది మాకు. పురుగులు మేపే ఇంట్లో ఖాళీ గంటా? ఆలోచిస్తే ఉంది. జ్వరం రోజు.

మీకు చెప్పే పనిలేదు. పురుగు జ్వరానికి కూర్చుంటే ఒక పగలూ ఒక రాత్రీ తక్కువ కాకుండా ఆకు వేయము. పడక మీద సున్నం చల్లి, గాలి ఆడనిచ్చి, కదిలించకుండా ఊరికే ఉంటాము. చాకీ కేంద్రం నుంచి తెచ్చుకునేవాళ్ళకు మొదటి రెండు జ్వరాలు అక్కడే అయిపోతాయి. మూడోది, నాలుగోది మన ఇంట్లో. అంటే బ్యాచ్‌కు రెండు రోజులు. గూళ్ళు మార్కెట్టుకు వేసి వచ్చినాక, షెడ్డు కడిగి మందు కొట్టి మూసిపెట్టే రోజుల్లో ఇంకో రెండు. నెలకు నాలుగు సిట్టింగులు దొరికినట్టే. రోజు ఒకటి అటూ ఇటూ కావచ్చు, ఆ సంగతి కౌన్సెలర్‌కు ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. నాలుగో జ్వరం లేచినప్పటినుంచి గూళ్ళు అమ్ముడుపోయేదాకా పదమూడు పద్నాలుగు రోజులు. మనసు ఎక్కువ కొట్టుకునేది ఆ రోజుల్లోనే, ఊపిరి ఆడనంత పని ఉండేదీ అప్పుడే. ఆ యమ్మతో మాట్లాడుకుని ఆ నడుమ పదిహేను నిమిషాలు వట్టి ఆడియో కాల్ పెట్టుకున్నాము. అంతకంటే పొడుగు ఆ రోజుల్లో పెట్టుకుంటే ధ్యాస పడకల మీదే ఉంటుంది.

రెండోది భాష. ఇది మన చిక్కబళ్ళాపురం, కోలారు వైపువాళ్ళకు, హోసూరు వైపువాళ్ళకు బాగా తగిలే సంగతి. మేము కన్నడంలో ఎస్సెస్సెల్సీ చదివినాము. మార్కెట్టు, బ్యాంకు, తాలూకాఫీసు అన్నీ కన్నడమే, తడుముకోము. కానీ చచ్చిన పురుగులను గంపల్లో ఎత్తిపోసిన పొద్దు కడుపులో ఏమైందో చెప్పాలంటే ఆ కన్నడంలో మాట రాలేదు. ఇంట్లో ఏడ్చేది తెలుగులో గదా. నాలుగో సిట్టింగులో నోరు జారి ఒక తెలుగు మాట వచ్చేసింది. ఆ యమ్మ తెలుగులోనే బదులిచ్చింది! వాళ్ళ అమ్మగారిది హిందూపురమంట. మూడు వారాలు ఇద్దరం ఇద్దరికీ పరాయి భాషలో కుస్తీ పట్టినాము, ఒక్క మాట అడగకపోయినందుకు. కాబట్టి మొదటి నిమిషంలోనే అడగండి, తెలుగు వచ్చునా అని. రాకపోతే వచ్చేవాళ్ళను ఇమ్మనండి. అది గొంతెమ్మ కోరిక కాదు.

చోటు సంగతి. ఇంట్లో కుదరదు. ఉమ్మడి కుటుంబంలో గోడలకు గూడా చెవులే. షెడ్డులో వద్దు, చెయ్యి ఊరుకోదు. మేము పంపు గదిలో కూర్చున్నాము, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, కరెంటు రాని గంట చూసుకుని. నెట్టు సరిగా లేకపోతే వీడియో పట్టుకుని వేలాడవద్దు. మామూలు ఫోనే చేయమనండి. మొహం కనబడకపోతే చెప్పలేని మాట గూడా చెప్పొచ్చునని మాకు అప్పుడే తెలిసింది. ఇంట్లోవాళ్ళు అడిగితే "డాక్టరుతో మాట్లాడుతున్నాము, గంట పిలవొద్దండి" అన్నాము. అబద్ధం పెద్దది కాదు.

ఇంకోటి, పుస్తకం. షెడ్డులో వేడి, తేమ రోజూ రాసిపెడతాము గదా, చివరి దశలో 24-25 డిగ్రీలు దాటకుండా చూసుకుంటాము గదా. మనిషికి మాత్రం ఏ లెక్కా ఉండదు. ఎన్ని గంటలు నిద్రపోయినాము, ఏ పొద్దు గుండె దడ వచ్చింది, అంతకు ముందు ఏం జరిగింది అని రోజుకు రెండు లైన్లు రాయమన్నది. బద్ధకంగానే మొదలుపెట్టినాము. పది రోజులకు చూస్తే దడ వచ్చేది షెడ్డులో కాదు. పోస్టాయన బండి శబ్దం విన్నప్పుడు. బ్యాంకు కాగితాలు నాలుగు నెలలుగా విప్పకుండా క్యాలెండరు వెనక దోపి పెట్టి ఉండినాము. అది మాకు మేము కూడా చెప్పుకోలేదు. పుస్తకం చూపించింది. సిట్టింగుకు ముందు ఆ పుస్తకం తిరగేసి, ఈ రోజు మాట్లాడాల్సింది ఒకే ఒక్కటి ఏది అని గీత గీసుకుని కూర్చుంటే గంట గంటలా పనికొస్తుంది. లేకపోతే రేటు గురించి, వాన గురించి చెప్పి లేచి వచ్చేస్తాము.

పెద్దాయన ప్రశ్నకు ఇక్కడ బదులు చెప్పాలి. ఫోన్లో మాట్లాడితే అప్పు తీరలేదు. ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఆ కాగితాలు విప్పినాము. విప్పితే, మేము రాత్రుళ్ళు ఊహించుకున్న మొత్తం కంటే బాకీ తక్కువే ఉండింది. బ్యాంకుకు పోయి మేనేజరుతో ఏం మాట్లాడాలో ఫోన్లోనే రెండుసార్లు గట్టిగా చెప్పించింది ఆ యమ్మ. ఆమె మేనేజరు, మేము మేమే. నాటకం ఆడినట్టు సిగ్గుగా ఉండింది. కానీ నిజంగా ఆ కుర్చీ ముందు కూర్చున్నప్పుడు నోరు పెగిలింది. వడ్డీ మాఫీ కాలేదు, కంతులు సాగదీసినారు. పక్క తోటాయన దగ్గరికి పోయేదానికి గూడా అట్లనే తయారైనాము. ఇప్పుడు ఆయన మందు కొట్టే ముందురోజు ఫోను చేస్తాడు, మేము ఆ పక్క వరసల ఆకు కోసి పెట్టుకుంటాము. అంటే దుడ్డు కావాలన్న మాట నిజమే, ఆ దుడ్డు కోసం నాలుగు గడపలు తిరగాలంటే ముందు మంచం దిగాలి. మమ్మల్ని మంచం దింపింది ఈ ఫోనే.

ఖర్చు లేకుండా కావాలంటే ప్రభుత్వానిది టెలి మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా చేయొచ్చు, ఉచితం. 2022 అక్టోబరు 10న మొదలైంది, దేశం మొత్తానికీ దీన్ని నడిపించే పెద్ద కేంద్రం మన బెంగళూరు నిమ్హాన్సే. ఇరవై భాషల్లో ఉంది, తెలుగు అందులో ఒకటి. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. అది హెల్ప్‌లైన్, కాబట్టి వారం వారం ఒక్కరితోనే మాట్లాడాలనుకుంటే ఆ వీలు ఉందా అని మొదటి ఫోన్లోనే అడగండి. దుడ్డు పెట్టి ప్రైవేటుగా చూపించుకునేవాళ్ళు ముందు చదువు, రిజిస్ట్రేషన్ అడగండి. మందులు రాసేది డాక్టరు, కౌన్సెలర్ కాదు. ఆన్‌లైన్లో మందులు రాసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలని 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల్లోనే ఉంది. గుడ్లు కొనేటప్పుడు ఏ గ్రైనేజీవని అడుగుతాము, ఇక్కడ అడిగేదానికి మొహమాటం ఎందుకో.

మనం చెప్పింది ఊర్లో పడుతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మన చికిత్స సంగతులు గోప్యంగా ఉంచడం వాళ్ళ బాధ్యత. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే మినహాయింపు. ఊర్లో పడితే పడేది మన నోటినుంచే, లేదా ఇట్లాంటి గ్రూపులనుంచే.

అన్నీ ఫోన్లో అయ్యేవి కావు. చచ్చిపోతానని ఎవరైనా అంటే, అది తాగి అన్నా తమాషాకు అన్నా, సిట్టింగు రోజు కోసం కాచుకోవద్దు. అప్పుడే 14416కు చేయండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు, తోటకు కొట్టే మందులు, షెడ్డు కడిగే మందులు తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర పెట్టండి. జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి. మాకూ ఒక రాత్రి ఆ తాళం వేయాల్సి వచ్చింది. అంతకంటే రాయము.

గ్రూపు నడిపేవాళ్ళకు ఒక విన్నపం. పంట పోయినవాళ్ళ ఫోటోలు, చచ్చిన పురుగుల వీడియోలు పేర్లతో సహా ఫార్వర్డు అవుతున్నాయి. రోగం గుర్తుపట్టేదానికి ఫోటో కావాలి, పేరు అక్కరలేదు. పేరు తీసేసి పెట్టండి. ఆ పెద్దాయనకు మేము విడిగా ఫోను చేసి మాట్లాడినాము. ఆయనకూ ఇదే ఏడు ఒక పంట పోయిందంట, మాకు తెలియదు.

మా పంపు గది రోడ్డు పక్కనే ఉంది, నెట్టు రెండు గీతలు వస్తుంది, కుర్చీ ఉంది. ఇంట్లో కుదరనివాళ్ళు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తాళంచెవి కిటికీ పైన చెక్క మీద ఉంటుంది. ఎందుకు వచ్చినారని మేము అడగము. కరెంటు వచ్చే గంటల్లో మాత్రం వద్దు, మోటారు శబ్దానికి ఏమీ వినబడదు.