అదే సరస్సు... పడవకీ స్కేట్లకీ!

వేసవిలో పడవ నడిపిన చోటే చలికాలంలో స్కేట్లు కట్టుకుని రయ్యిన జారిపోతారు! ఫిన్లాండ్‌లోని సైమా సరస్సు దగ్గర ఏడాది పొడుగునా ఆటలే. సుమారు 4,400 చదరపు కిలోమీటర్ల నీళ్లు, మధ్యలో వేల దీవులు. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుతురే కాబట్టి కయాక్‌లో దీవి నుంచి దీవికి తీరిగ్గా తెడ్డేసుకుంటూ వెళ్లొచ్చు. ఆగస్టులో అడవి ఎవరిదైనా సరే, నడుస్తూ బ్లూబెర్రీలు కోసుకోవచ్చు. అక్కడ అది అందరి హక్కు!

చలికాలం వస్తే మాత్రం జాగ్రత్త. గట్టి మంచుగడ్డ కనీసం 5 సెంటీమీటర్ల మందం ఉంటేనే దానిమీద కాలు పెట్టాలి. పిడులకు మేకులు బిగించిన జత ఒకటి మెడలో వేలాడాలి. గడ్డ విరిగి నీళ్లలో పడితే వాటిని గుచ్చే పైకి పాకాలి మరి.

ఈ సరస్సులో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని జీవి సైమా సీల్. మొత్తం కలిపి కొన్ని వందలే! ఒడ్డున పేరుకున్న మంచుకుప్పలో గూడు చేసుకుని పిల్లని కంటుంది. మంచు సరిగా కురవకపోతే ఆ పిల్ల చలికి, నక్కలకి బలి. అందుకే అలాంటి ఏడాది వాలంటీర్లు పారలు పట్టుకుని గడ్డకట్టిన సరస్సు మీద మంచు కుప్పలు పోస్తారు. వాటిలో ఎన్నో పిల్లలు పుట్టాయి కూడా. ఆటకెళ్లినవాళ్లు చేయాల్సిందల్లా ఒక్కటే... ఆ కుప్పల జోలికి వెళ్లకపోవడం!