హాజరు అక్కర్లేని చదువులు

బీఈడీ సీటు కోసం వాకబు చేసినవాళ్లందరికీ తెలిసిన మాట ఇది: "రోజూ రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు." ఫీజు ఒకటి, హాజరు వేసినందుకు ఇంకొకటి. లెసన్ ప్లాన్లూ రికార్డులూ రాసిపెట్టడానికి మనుషులున్నారు, దానికీ రేటుంది. ఎక్కడో ఏదో ఉద్యోగం చేసుకుంటూ, పరీక్షల వారం మాత్రం రైలు దిగి, రెండేళ్లకు టీచరైపోతున్నారు. దీన్ని మర్యాదకు 'నాన్ అటెండింగ్' అంటున్నాం. నేనైతే దొంగతనం అంటాను. ఆ టీచరు రేపు ఎవరి ఎదుట నిలబడతాడో ఆ పిల్లల చదువే ఇక్కడ పోయిన సొత్తు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియదనుకోకండి. దేశంలో పదివేలకు పైగా ఉన్న విడి శిక్షణ కాలేజీల్లో ఎక్కువ భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని జస్టిస్ వర్మ కమిషన్ 2012లో తేల్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఆ మాటను మళ్లీ అచ్చేసింది. ఈ మధ్యలో చేసిందేమిటంటే, ఏడాది బీఈడీని 2015 నుంచి రెండేళ్లు చేశారు. తరగతులకు 80 శాతం హాజరు, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం అని కాగితం మీద రాశారు. అడిగేవాడు లేనప్పుడు ఏడాది ఫీజు కాస్తా రెండేళ్ల ఫీజైంది, అంతే.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా సంగతీ ఇంతే. నేను చూసిన ఒక ల్యాబులో సీఆర్ఓ (ఆసిల్లోస్కోప్) మీద గుడ్డ కప్పి ఉంది. ఒక్కో బ్రెడ్‌బోర్డు చుట్టూ ఏడెనిమిది మంది. ఒకడు వైర్లు గుచ్చుతాడు, మిగతావాళ్లు చూస్తారు, రీడింగులు పోయినేడాది రికార్డులోంచి ఎక్కించుకుంటారు. మల్టీమీటరు ఫ్యూజు పోతే మార్చే దిక్కు లేదు. సోల్డరింగ్ సరిగ్గా పడితే మెరుస్తుందని, మసకబారితే అది డ్రై జాయింటని, నాలుగు రోజుల్లో ఊడిపోతుందని చేత్తో తెలుసుకోకుండానే డిప్లొమా చేతికొస్తుంది.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? గుంతకల్లులో, గుంతకల్లు చుట్టుపక్కల! 1956 నుంచి రైల్వే డివిజన్ కేంద్రంగా ఉన్న ఊరు. బళ్లారి వైపు, రాయచూరు వైపు, గుత్తి వైపు, డోన్ వైపు, ధర్మవరం వైపు పట్టాలు చీలిపోయే జంక్షన్. రిలే రూములున్నాయి, యాక్సిల్ కౌంటర్లున్నాయి. ఇప్పటి త్రీఫేజ్ ఇంజన్ల కడుపు నిండా పవర్ ఎలక్ట్రానిక్సే. రైళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్' మన్మాడ్ నుంచి డోన్ మీదుగా గుంతకల్లు దాకా వచ్చింది. ఇంత పెద్ద ల్యాబును ఊళ్లో పెట్టుకుని మన పిల్లలు డయోడు బొమ్మ బట్టీ పడుతున్నారు.

ట్రాక్ సర్క్యూట్‌నే తీసుకోండి. రెండు పట్టాల్లో కొద్దిపాటి వోల్టేజీతో కరెంటు పారుతుంటుంది, ఆ చివర ఒక రిలే దాన్ని అందుకుని లేచి ఉంటుంది. రైలొచ్చిందంటే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు దగ్గరి దారి చూసుకుంటుంది. రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. వైరు తెగినా రిలే పడుతుంది, అప్పుడూ ఎరుపే. పాడైనా ప్రాణం తీయకూడదన్న ఆలోచన అందులో ఉంది. పదో తరగతి విద్యుత్ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది? రాత్రీ పగలూ రైలు కూత వింటూ పెరిగిన పిల్లలకు ఈ పాఠం చెప్పాల్సింది ఫిజికల్ సైన్స్ మెథడాలజీలో బీఈడీ చేసిన టీచరు. ఆయన బ్యాటరీకి బల్బు కలిపి చూపించిన రోజే లేకపోతే, బోర్డు మీద సూత్రం రాసి పోతాడు.

చెయ్యడం, చెప్పడం కలిపి నేర్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1963లో మైసూరు, భోపాల్, అజ్మీర్, భువనేశ్వర్‌లలో టీచర్ల శిక్షణకు రీజనల్ కాలేజీలు పెట్టింది అందుకే. సబ్జెక్టూ బోధనా కలిపి నాలుగేళ్ల కోర్సు, టెక్నాలజీ టీచర్ల తయారీ అప్పుడే మొదలుపెట్టారు. మనకేమో ఉమ్మడి అనంతపురం జిల్లా ప్రభుత్వ టీచర్ల శిక్షణ సంస్థ (డైట్) బుక్కపట్నంలో ఉంది. 2022లో జిల్లా చీలాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. గుంతకల్లు అమ్మాయికి దగ్గర్లో దొరికేది ఫీజుల కాలేజీ.

తక్కువ వానకు జైసల్మేర్ తర్వాత మనమే అనిపించుకున్న నేల ఇది. చెనక్కాయ పంట ఎండినేడు కూడా అప్పు చేసి ఫీజు కట్టిన రైతులున్నారు. ప్రభుత్వ టీచర్ల నియామకాల డీఎస్సీ 2018 తర్వాత మళ్లీ 2025లో గానీ పూర్తి కాలేదు, 16,347 పోస్టులకు. ఈలోగా 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదంది. ఆ తీర్పు న్యాయమైనదే, చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య. కానీ ప్రాథమిక బడి టీచరు (ఎస్జీటీ) ఉద్యోగం ఆశ చూపి సీట్లు అమ్ముకున్నవాళ్లు ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు.

హాజరు లేని సీటుకు ప్రభుత్వం ఒక్క పైసా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇవ్వకూడదు. ఇంటర్న్‌షిప్ చేశాడో లేదో కాలేజీ సంతకంతో కాకుండా, చేసిన బడి హెడ్మాస్టరు సంతకంతో, పిల్లల తల్లిదండ్రుల కమిటీ ఎదుట తేలాలి. డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంది. దాన్ని సర్టిఫికెట్లు అమ్మే కంప్యూటర్ సెంటర్లకు వదలకుండా సిగ్నల్ విభాగానికీ లోకో షెడ్డుకూ పిల్లల్ని పంపాలి. కాబోయే సైన్స్ టీచర్లనూ వాళ్లతో పాటే తీసుకెళ్లాలి. డివిజనల్ మేనేజర్ ఆఫీసు మన ఊళ్లోనే ఉంది, అడగడానికి విజయవాడ దాకా పోనక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపు కాలేజీ యాజమాన్యాలు వెళ్లి అడగాలి. వాళ్లు వెళ్లకపోతే విద్యార్థులారా, అర్జీ రాసుకుని మీరే వెళ్లండి.