ఏసీ కన్నా ముందు మిద్దె

మే నెల వచ్చిందంటే మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాలలో ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం కొత్త విషయం కాదు. ఒకప్పుడు పట్టణంలో డాక్టర్ల గదులకూ, బ్యాంకులకూ మాత్రమే పరిమితమైన ఏసీ యంత్రం పల్లెల్లోకి రావడమే కొత్త విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. వాయిదాల మీద ఇచ్చే దుకాణాలు ఎటూ వున్నాయి. దానితో శనక్కాయలు అమ్మిన డబ్బో, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బో చేతికి రాగానే ఏసీ బేరమాడుతున్న కుటుంబాలు పెరిగాయి.

కొనడం తప్పని ఎవరూ అనరు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించిన సంగతి మరువరానిది. అవ్వాతాతలు, బాలింతలు, పసిబిడ్డలు వున్న ఇంట్లో ఒక చల్లని గది విలాసం కాదు, అవసరం. అయితే ఆ యంత్రం చేసే పని ఏమిటో తెలియకుండా కొన్నవారికి చల్లదనం కొంతే దక్కుతున్నది, బిల్లు మాత్రం నిండా వస్తున్నది. కనుక ఆ పని ఏమిటో తెలుసుకోవడం అందరికీ మంచిది.

చాలామంది అనుకుంటున్నట్లు ఏసీ చలిని తయారు చేయదు. గదిలోని వేడిని ఎత్తి బయట పోస్తుంది, అంతే. మన రైతులకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. మైలవరం జలాశయం నీరు కాలువ వెంట పల్లానికి దానంతట అదే పారుతుంది. బోరులో నీరు పైకి రావాలంటే మాత్రం మోటారు కావాలి. వేడి సంగతీ అంతే. వేడిగా వున్న చోటి నుంచి చల్లగా వున్న చోటికి అది దానంతట అదే పోతుంది. ఎండకు కాగిన బయటి నుంచి మన గదిలోకి వస్తున్నది అలాగే. దాన్ని తిరిగి ఎదురు నడిపించాలంటే మోటారు పెట్టాలి. గోడ బయట బిగించే పెట్టెలోని కంప్రెసర్ ఆ మోటారు.

రెండు పెట్టెల నడుమ సన్నని రాగి గొట్టాలలో ఒక గ్యాస్ తిరుగుతూ వుంటుంది. ఈనాడు చాలా ఏసీలలో వాడే ఆర్-32 అనే గ్యాస్, మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నాకు 52 డిగ్రీల దిగువనే మరిగిపోయే రకం. లోపలి పెట్టెలో అది ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. చెమట ఆరేటప్పుడు ఒంటికి చల్లగా తగలడం వంటిదే ఇది. బయటి పెట్టెలో కంప్రెసర్ ఆ ఆవిరిని బలంగా నొక్కేసరికి అది బయటి గాలికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. అక్కడి ఫ్యాను ఆ వేడిని గాలిలోకి తోసివేయగా, గ్యాస్ మళ్లీ ద్రవంగా మారి లోపలికి వస్తుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చు పెడితే సుమారు మూడు యూనిట్ల వేడి ఇలా బయటికి పోతుంది.

ఇదే యంత్రంలో గ్యాస్ దారిని మళ్లించే ఒక వాల్వు పెడితే పని తలకిందులవుతుంది. బయటి చలిగాలిలో వున్న కాస్త వేడినే పీల్చి గదిలోకి తెస్తుంది. జపాన్‌లో ఇళ్లవారు వేసవికీ, చలికాలానికీ ఒకే యంత్రాన్ని ఇలా వాడుకుంటున్నారు. కాయిల్ హీటరు ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది మూడింతలు తెచ్చి ఇస్తుంది. ఢిల్లీ, కాశ్మీరు వారికి ఈ సౌకర్యం ఉపయోగమే. మైలవరంలో డిసెంబరు తెల్లవారుజాము చలికి ఒక దుప్పటి చాలు. వేడి కూడా ఇచ్చే రకమని దుకాణంలో చెప్పినంత మాత్రాన మనవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు.

అమెరికాలో మన పిల్లలు వుండే చాలా ఇళ్లలో ఒకే యంత్రం నుంచి పెద్ద పెద్ద గొట్టాల గుండా ఇల్లంతటికీ గాలి వెళ్తుంది. ఇక్కడ దొరికే స్ప్లిట్ ఏసీకి ఆ గొట్టాల బెడద లేదు. ఏ గది కావాలంటే ఆ గదికే పెట్టుకోవచ్చు. మనకు మేలు చేసే సంగతి ఇదే. ఇల్లంతా చల్లబరచే ఆశ మానుకుని, రాత్రిపూట ముసలివారూ పిల్లలూ పడుకునే ఒక్క గదికి పెట్టుకుంటే చాలు.

ఇక అసలు సంగతి మిద్దెది. పాతకాలపు మట్టిమిద్దెలకు దూలాలు, దంతెలు వేసి, బండలు పరచి, పైన చౌడుమట్టి మందంగా కప్పేవారు. ఆ మట్టి మధ్యాహ్నపు ఎండను లోపలికి త్వరగా దిగనిచ్చేది కాదు. ఇప్పుడు సిమెంటు స్లాబులు వచ్చాయి. వానకు కారవు, ఎలుకల బెడద లేదు, కాదనలేము. కానీ మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిపై స్లాబు 11 చదరపు మీటర్లు. అంటే దాని మీద పడేది 11 వేల వాట్లు. అందులో చాలా భాగం గాలికి పోయినా, మిగిలింది స్లాబు తాగి రాత్రంతా కిందికి దించుతుంది. ఒక టన్ను ఏసీ మోయగలిగింది మూడున్నర వేల వాట్లు మాత్రమే. గట్టు తెగిన మడిలో నీరు తోడినట్లు, మిద్దె సంగతి చూడకుండా ఏసీ వేస్తే కరెంటు ఖర్చు కావడం తప్ప ఫలితం వుండదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. వేసవికి ముందు మిద్దెపైన తెల్ల సున్నం, నిలవడానికి కొద్దిగా బంక కలిపి రెండు పూతలు వేస్తే ఎండలో పెద్ద భాగం తిరిగి ఆకాశానికే పోతుంది. పడమటి గోడకు నీడగా ఒక చెట్టో, చలువ పందిరో వుంటే మరీ మంచిది. పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే ప్రకటించింది. మన వైపు ఎండ గాలి పొడిగా వుంటుంది కనుక, కిటికీ తెరచి వుంచితే మామూలు ఎయిర్ కూలరు కూడా బాగానే పనిచేస్తుంది. ఏసీకి మాత్రం తలుపులు, కిటికీలు మూయాలి. ఒకే గదిలో రెండూ నడపడం దండగ.

మా మండలంలోనే ఒక ఇంటి సంగతి చెప్పుకోవాలి. బయటి పెట్టెను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని వెనుక వసారాలో పెట్టి చుట్టూ రేకులు కొట్టించారు. వదిలిన వేడి పోయే దారిలేక మధ్యాహ్నానికల్లా యంత్రం ఆగిపోయేది. వచ్చిన మెకానిక్కు గ్యాస్ అయిపోయిందని రెండుసార్లు నింపి డబ్బు తీసుకున్నాడు. ఏసీలో గ్యాస్ కిరసనాయిలు వలె ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటు చూపించి మూయించిన తరువాతే నింపమనాలి. ఆ ఇంట్లో గ్యాస్ కారనే లేదు. మూడోసారి వచ్చిన మరో కుర్రవాడు రేకులు విప్పించి, పెట్టెను ఉత్తరపు గోడకు నీడలో బిగించాడు. అప్పటినుంచి బాగానే నడుస్తున్నది.

లోతు పెరిగిన కొద్దీ బోరు మోటారుకు శ్రమ పెరిగినట్లే, గది మరీ చల్లబడాలంటే కంప్రెసర్‌కు శ్రమ. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా వుండాలని నిబంధన పెట్టింది ఇందుకే. 18కి దించి దుప్పటి కప్పుకునే బదులు 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే నిద్రకు లోటు రాదు, బిల్లు తగ్గుతుంది.

మరొక మాట కూడా అనక తప్పదు. మన గది నుంచి ఎత్తిపోసిన వేడి ఎక్కడికి పోతున్నది? సందు ఇరుకైతే ఎదురింటి కిటికీలోకి, వీధిలో మంచం వేసుకున్న అవ్వ మీదికి. ఆమె ఇంట్లో ఏసీ లేదు, బహుశా రాబోదు కూడా. పెట్టెను పైకి ఎత్తి, మిద్దెపైన నీడలో బిగించుకోవడం ఇరుగుపొరుగు ధర్మం.

ఇందులో ప్రభుత్వం చేయవలసిన పనీ వున్నది. కాలనీ ఇళ్లలో, అంగన్‌వాడీలలో, బడులలో ఏసీలు పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఏటా మార్చి నెలలోగా ఆ పైకప్పులన్నింటికీ సున్నం కొట్టించమంటున్నాము. పంచాయతీలకు ఇది మోయలేని భారం కాదు. పెరిగే ఏసీలకు తగినట్లు ట్రాన్స్‌ఫార్మర్లు పెంచకపోతే లో ఓల్టేజీకి ఫ్యాన్లు కూడా తిరగవు, నష్టపోయేది ఏసీ లేనివారే. 1000 మెగావాట్ల లక్ష్యంతో సౌర విద్యుత్ పార్కు తలపెట్టిన మండలం మనది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకంలో ఇంటి మిద్దెపై 3 కిలోవాట్ల సౌర పలకలకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించారు. ఆ పలకలు కరెంటుతోపాటు మిద్దెకు నీడ కూడా ఇస్తాయి. ఊరూరా అధికారులు సభ పెట్టి ఈ సంగతి చెప్పాలి.

ఎండను ఆపడం ఎవరి తరమూ కాదు. ఇంట్లోకి రానివ్వకపోవడం మాత్రం మన చేతిలో పని. ముందు మిద్దెకు సున్నం, తరువాతే గోడకు ఏసీ.