లెక్కకు రాని సంవత్సరములు

నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు తిరువూరు మెట్టప్రాంతమునకు చేరునప్పటికి సన్నగిల్లుట అచ్చటి రైతు లెరిగినదే. నీరు విడిచిన తేదీ కాగితముపై అందరికిని ఒక్కటే. చివరి ఆయకట్టున తడి మాత్రము వేరు. ప్రభుత్వపు పనిలో చేతికష్టము చేయువారి పింఛను కథయు ఇట్టిదే. పథకము లున్నవి, ఉత్తరువు లున్నవి; అవి చివరివానికి చేరునప్పటికి అతని పనికాలము తీరిపోవుచున్నది.

తిరువూరు వంటి పట్టణమున వేకువనే వీధు లూడ్చువారు, మురుగుకాలువలు తీయువారు, రోడ్ల గోతులు పూడ్చు గ్యాంగు కూలీలు, కాలువ తూములు కనిపెట్టుకొని యుండు లస్కరులు చేయునది సర్కారు పనియే. కాని వీరిలో పెక్కుమంది పేర్లు సిబ్బంది పట్టికలో నుండవు. ఒకప్పుడవి మస్టరు రోలులోను, సాదిల్వారు ఖర్చుల పద్దులోను ఉండెడివి. తరువాత కంట్రాక్టరు చిట్టాలోనికి పోయినవి. గుమాస్తా ఉద్యోగములో చేరగానే సర్వీసు పుస్తకము తెరతురు. కూలికి పని మొదలగును గాని పుస్తకము తెరువరు.

పుస్తకము తెరచుటకు ప్రయత్నము జరుగలేదని చెప్పరాదు. 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్ల సర్వీసు నిండిన దినకూలీలను, ఖాళీలను బట్టియు అర్హతలను బట్టియు ఖాయపరచుటకు 1994 ఏప్రిలులో 212వ నంబరు ఉత్తరువు వెలువడినది. పిమ్మట దరఖాస్తులు, పరిశీలనలు, వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగినవి. ఇంతలో 2004 సెప్టెంబరు 1 నుండి కొత్తగా చేరువారికి పాత పింఛను పోయి, జీతమునుండి నూటికి పది చొప్పున వాటా కట్టించుకొను పింఛను వచ్చినది. ఎన్ని యేండ్లు పనిచేసినను, ఆ తేదీ దాటి ఖాయమైనవాడు కాగితముపై కొత్తవాడే.

ఖాయము కానివారికి మిగిలినది ప్రావిడెంటు ఫండు. రాజ్యాంగపు 243-క్యూ అధికరణము పట్టణ సంస్థలను నగర పంచాయతీలు, పురపాలక సంఘములు, నగరపాలక సంస్థలు అని మూడు తెగలుగా విభజించినది. 2011 జనవరిలో కేంద్రము ఫండు చట్టమును పట్టణ సంస్థలకు విస్తరించుచు చేసిన ప్రకటనలో చివరి రెండు తెగలే పేర్కొనబడినవి. ఆ యేటనే తిరువూరు నగర పంచాయతీ అయినది. అట్టిచోట కూలికి ఫండు జమయగుట కంట్రాక్టరు సక్రమముగా కట్టుటపైనే అధికముగా ఆధారపడినది. 2020 జూలైలో ఔట్‌సోర్సింగు సిబ్బందికై రాష్ట్రము నెలకొల్పిన సంస్థ పని ప్రారంభించుట, దళారిని తొలగించు మేరకు మంచి అడుగే.

అయినను ఆలస్యమునకు ఖరీదు కలదు. విద్యార్థులే లెక్క వేసి చూడవచ్చును. 1995 నాటి ఫండు పింఛను పథకము ననుసరించి, పింఛను జీతమును సర్వీసు సంవత్సరములచే గుణించి 70చే భాగింపవలెను. జీతము 15,000 రూపాయలు, సర్వీసు 35 ఏండ్లు అయినచో నెలకు 7,500 రూపాయలు. అదే పదేండ్లయినచో సుమారు 2,143. పదేండ్లు నిండనివానికి నెలపింఛనే లేదు. సభ్యత్వము 58వ యేట ముగియును. ఇరువదేండ్లు వీధు లూడ్చి, 50వ యేట మొదటిసారి ఫండులో చేరిన మనిషికి లెక్కకు వచ్చునవి ఎనిమిదేండ్లే. కొంతసొమ్ము ఒక్కమారు చేతిలో పెట్టి అతనిని పంపివేయుదురు. జీతము ఆలస్యమైనచో బకాయి వచ్చును. పింఛను పథకము ఆలస్యమైనచో, పోయిన సంవత్సరములకు బకాయి లేదు.

ఖజానా పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. పోటీ లేకుండ, ఖాళీ లేకుండ పనిలో పెట్టుకొన్నవారి నెల్లరను ఖాయపరచుట తక్కిన నిరుద్యోగులకు అన్యాయమని సుప్రీంకోర్టు 2006 ఏప్రిలులో ఉమాదేవి కేసున చెప్పినది. ఆ న్యాయము కొట్టివేయదగినది కాదు. అయితే ఖాయపరచుట వేరు, లెక్కించుట వేరు. సాదిల్వారు పద్దున పనిచేసి తరువాత ఖాయమైనవారికి పాత సర్వీసులో సగము పింఛనుకు లెక్కించుటకు కేంద్రము 1968లోనే అంగీకరించినది. ఉత్తరప్రదేశ్ వర్క్‌చార్జి సిబ్బంది విషయమున 2019లో ప్రేమ్‌సింగ్ కేసున సుప్రీంకోర్టు అంతకన్న ముందుకు పోయి, ఆ సర్వీసును పింఛనుకు లెక్కింపవలెనని తీర్పు చెప్పినది. పింఛను ప్రభువు దయాధర్మము గాక గడచిన సేవకు ప్రతిఫలమని 1982 డిసెంబరులో నకారా కేసుననే తేలినది.

ఈ సూత్రమునకు ఆచరణ ఎంత దూరమో చూడుడు. 2024 జూలై నుండి రాష్ట్రమున వృద్ధులకు నెలకు 4,000 రూపాయల సాంఘిక పింఛను అందసాగినది. అది న్యాయమే. కాని పదేండ్లు వాటా కట్టి సంపాదించుకొన్న పింఛను అందులో సుమారు సగమే యగుట ఆలోచింపదగిన విషయము. పేదరికమునకు దొరకినంత విలువ పనికి దొరకలేదన్నమాట.

కోరదగినది పెద్ద వరమేమియు గాదు. ఏ పద్దున కూలి యిచ్చినను, పనిలోనికి వచ్చిన మొదటి దినమునుండియే ఆ మనిషి పేర పుస్తకము తెరచి వాటా జమకట్టవలెను. కంట్రాక్టరు మారినను పుస్తకము మారరాదు. హాజరుపట్టీ విలువ ఉపాధ్యాయులకు వేరుగా చెప్ప నక్కరలేదు. పిల్లవాడు బడికి వచ్చిన దినమున హాజరు వేయక, ఏడాది చివర హాజరు చాలలేదని పరీక్షకు కూర్చుండనీయని బడిని ఎవరును మెచ్చుకొనరు. ఆ బడి వాకిలి ఊడ్చిన చేతులకును ఆ న్యాయమే వర్తింపవలెను.