ఇంటి కారు కిరాయికిస్తున్నారా?

నాలుగు డబ్బులు కలిసొస్తాయని ఇంటి కారును కిరాయికిద్దామనుకుంటున్నారా? ముందు బీరువాలోని ఇన్సూరెన్సు కాగితాలు తీసి చూడండి.

మీవారు ఆ కారులో ఆఫీసుకెళ్లినా, హనుమకొండలో సొంత షాపుకెళ్లినా ఇబ్బంది లేదు. సొంత కారు పాలసీ ఒప్పుకోనివి ముఖ్యంగా రెండు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం ఒకటి, అమ్మకపు సరుకు మొయ్యడం రెండోది. కొత్తవాడ జంపఖానాలు మచ్చుకి రెండు పట్టుకెళ్లొచ్చు. కట్టలు కట్టి కొట్లకు వేశారో, చిక్కే! సరుకుకి గూడ్సు ఆటో మాట్లాడుకోండి.

మేడారం జాతరప్పుడు "వదినా, పెట్రోలు పోయించి పైన ఇంతిస్తాం" అంటూ వస్తారు. చుట్టాలను ఊరికే తీసుకెళ్తే అది కిరాయి కాదు. బేరం కుదుర్చుకుంటే కిరాయే. దారిలో ప్రమాదం జరిగితే రిపేరు క్లెయిము తిరగ్గొట్టొచ్చు. దెబ్బతిన్నవాళ్లకు కంపెనీ పరిహారం చెల్లించినా, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. అప్పుడు ఒంటిమీది బంగారానికే ఎసరు!

కిరాయికే తిప్పాలంటే రవాణా ఆఫీసులో బండిని ట్యాక్సీగా మార్పించి, పర్మిట్ తీసుకోండి. తెల్ల నెంబరు ప్లేటు తీసి పసుపుది పెట్టించి, కమర్షియల్ పాలసీ కట్టండి. ప్రీమియం ఎక్కువే. ఆ ఖర్చు పోను లాభం మిగిలితేనే కిరాయి మాట తలపెట్టండి.