ముందు తేడా అడగండి

ఫ్రాన్స్‌లో చీజ్ కొట్టు అద్దాల వెనక ‘కొంతే’ అనే ఒకే చీజ్ రెండు రకాలుగా కనిపిస్తుంది: ఒకటి 12 నెలలు మాగింది, ఇంకోటి 24 నెలలు. ఫ్రెంచ్ కొత్తగా నేర్చుకున్నవాళ్ల నోట ముందు వచ్చేది ‘ఏది మంచిది?’ అన్న ప్రశ్నే. పోలిక పాఠం అనగానే ‘ప్లు’ (ఎక్కువ), ‘మ్వాఁ’ (తక్కువ), ‘మెయర్’ (మెరుగైన) బట్టీ పట్టిస్తారు మరి. నేనైతే వాటిని పక్కన పెట్టి, ‘కెలె లా దిఫెరాన్స్ ఆంత్ర్ లే దొ’ అని, అంటే ఈ రెండింటికీ తేడా ఏంటని అడగడం ముందు నేర్పమంటాను. వస్తువు పుంలింగమా, స్త్రీలింగమా అన్న బెంగ లేదు. దేన్ని గురించి అడిగినా వాక్యంలో ఒక్క అక్షరం మారదు. అసలు లాభం జవాబులో ఉంది. ఏది మంచిదంటే వేలితో ఒకటి చూపిస్తారు, మాట అక్కడితో సరి. తేడా అడిగితే లేతదాంట్లోని పాల కమ్మదనం, బాగా మాగినదాంట్లో పంటికి తగిలే పలుకులు, దాని ఘాటు, అన్నీ విడమరిచి చెబుతారు. చిన్న ముక్క కోసి రుచి చూడమనడమూ మామూలే. కొత్త భాష పట్టుబడాలంటే ఎదుటివాళ్లు అలా మాట్లాడుతూనే ఉండాలి. మధ్యలో మనం ‘దన్ కోతే’, ‘ద లోత్ర్’ అంటూ ఒకపక్క ఇది, మరోపక్క అది అని అందిస్తే చాలు, ఇంకో నాలుగు మాటలు వినొచ్చు.